బానిసలమని చెప్పుకునే ఇంట్లో

గుమ్మంలో రొట్టె

పండగ పూట ఒకరింటికి వెళుతూ వేడివేడి రొట్టె పట్టుకెళ్ళడం తప్పవుతుందని నాకు యాభై ఏళ్ళొచ్చాక న్యూజెర్సీలో తెలిసింది.

నేను ఒంగోలు దగ్గర ఒక మిషన్ బాలికల పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిని. మా పాఠశాలకు చాలాకాలంగా సాయం చేస్తున్న అమెరికా సంఘాల స్త్రీలు ఎనభై మూడు వసంతంలో నన్ను పిలిపించారు. ఊరూరా చర్చీలకు వెళ్ళి మా పిల్లల గురించి మాట్లాడాలి. ఒక్కో ఊళ్ళో ఒక్కో ఇంట్లో బస. మనుషులు మంచివాళ్ళు. స్వెట్టరు ఇచ్చినవాళ్ళున్నారు, నా కాళ్ళు చల్లబడ్డాయని తమ మేజోళ్ళు తొడిగినవాళ్ళున్నారు. వాళ్ళు తాగే కాఫీ మాత్రం మా బళ్ళో పలక కడిగిన నీళ్ళలా ఉంటుంది. ఒక కప్పు ఖరీదును రూపాయల్లోకి మార్చుకుంటే మింగుడు పడదు. రెండో రోజునుంచి మార్చుకోవడం మానేశాను.

కష్టమంతా సాయంత్రాలే. సభలో నన్ను పరిచయం చేసే ఆవిడ ఏ ఊళ్ళోనైనా ఒకటే మాట చెప్పేది. "ఈమె అంటరానివాళ్ళలో పుట్టింది. ఈమె తాత చచ్చిన పశువుల తోళ్ళు ఒలిచేవాడు. ఇవాళ ఈమె ఒక హెడ్‌మిస్ట్రెస్!" అందరూ నిట్టూర్చేవాళ్ళు. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ తరువాత కానుకల పళ్ళెం తిరిగేది. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మేం మాదిగవాళ్ళం, మా తాత చేసిన పని అదే. అయినా సంతలో నోరు తెరిచి పళ్ళు చూపించే ఎద్దులా నిలబడినట్టుండేది నాకు. పరిచయం లేకుండా ఒక్క పూట, ఒక్క ఇంట్లో, ఉత్త మనిషిగా కూర్చుంటే బాగుండునని మనసులో ఉండేది.

ఈస్టరు ముందు వారం పిస్కాటవే పక్కన ఒక చిన్న ఊరికి చేరాను. నేను దిగవలసిన ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ పోసింది. సంఘం పెద్దావిడ కంగారుపడి తన స్నేహితురాలు రూత్ అనే స్కూల్ టీచరు ఇంట్లో ఏర్పాటు చేసింది. "రూత్ యూదురాలు. మీకు అభ్యంతరం లేదు కదా?" అని అడిగింది.

లేదన్నాను. కానీ అప్పటిదాకా నేను యూదులను చూడలేదు. నాకు తెలిసిన యూదులు మా బడి గుడ్‌ఫ్రైడే నాటకంలోనివాళ్ళే. ఆ వేషాలు వేసే పిల్లలకు జనపనారతో గడ్డాలు కట్టి, కళ్ళకింద మసి పూసి, "ఇంకా కోపంగా అరవండే" అని నేర్పింది నేనే.

పెద్దావిడ నా చేతిలో అప్పుడే పొయ్యి దించిన రొట్టె పెట్టి, కారులో తీసుకెళ్ళి రూత్ ఇంటి ముందు దింపింది. తలుపు తీసిన రూత్ నలభై దాటిన మనిషి, మోచేతులదాకా సబ్బు నురగ. నన్ను చూసి నవ్వింది, రొట్టెను చూసి ఆగింది. మరుక్షణం రెండు చేతులా అది అందుకుని, మేజోళ్ళతోనే వీధి దాటి పరుగున వెళ్ళి ఎదురింట్లో ఇచ్చి వచ్చింది.

"ఏమీ అనుకోకండి. రేపు సాయంత్రం నుంచి మాకు పస్కా. ఈ వారమంతా పులిసింది ఏదీ ఇంట్లో ఉండకూడదు. వారం నుంచి అరలన్నీ కడుగుతున్నాను. ఇప్పుడు రొట్టె తునక కనబడితే మా నాన్న ఇల్లొదిలి వెళ్ళిపోతాడు" అంది.

పస్కా! పులియని రొట్టెల పండగ! బానిసత్వం వదిలి ఐగుప్తు నుంచి, అంటే ఈజిప్టు నుంచి, హడావిడిగా బయలుదేరిన యూదులకు పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేకపోయిందని పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. దానిమీద పరీక్షలో ప్రశ్నలిచ్చాను, మార్కులు వేశాను. ఆ పండగను ఇంకా చేసుకునేవాళ్ళు భూమ్మీద ఉన్నారని, వాళ్ళ ఇంటికి రొట్టె పట్టుకుని వెళ్ళకూడదని ఏనాడూ తోచలేదు. గుమ్మంలోనే నా తల వాలిపోయింది.

పస్కా బల్ల దగ్గర

రూత్ భర్త పోయి కొన్నేళ్ళయింది. ఇంట్లో ఆమె, ఎనిమిదేళ్ళ కూతురు మిరియం, ఎనభై ఏళ్ళ తండ్రి సామ్యూల్ గారు. ఆయన చిన్నతనంలో పోలెండు నుంచి ఓడలో వచ్చాడట. చెవి కొంచెం మందం, చూపు మాత్రం చురుకు.

మర్నాడు సాయంత్రం నాకు తోడుగా ఉంటుందని రూత్ ఒక తెలుగావిడను కూడా పిలిచింది. ఆమె పేరు శ్యామల. కూతురు స్వాతి రూత్ దగ్గరే చదువుకుంటోంది. డాక్టరైన భర్తకు ఆ రోజు హాస్పిటల్లో డ్యూటీ. పట్టుచీర కట్టుకుని వచ్చిన శ్యామలను చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. తెలుగు మాట విని చాలా రోజులైంది.

"నమస్తే మేడమ్! రూత్ ఫోన్ చేసి మీరొచ్చారని చెప్పగానే డ్యూటీ స్వాప్ చేసుకోమని మావారితో అన్నాను గానీ కుదర్లేదండీ. మీది ఏ ఊరండీ?"

చెప్పాను.

"అయ్యో, మా అమ్మమ్మగారి ఊరికి దగ్గరే! ఇంటిపేరేమిటండీ?"

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న అర్థం విప్పి చెప్పనక్కర్లేదు. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది. చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. "మావాళ్ళలో కూడా ఉందండీ ఆ ఇంటిపేరు! అయితే చర్చిలో కలిసింది మీ తాతగారి కాలంలోనా?" అంది. అవునని తల ఊపాను. అంతవరకు నిజమే. ఆమె ఏమనుకుంటోందో తెలిసీ ఊరుకున్నాను.

బల్లమీద తెల్లని గుడ్డ. మధ్యలో ఒక పళ్ళెంలో కాల్చిన ఎముక, గుడ్డు, పచ్చి ఆకు, తురిమిన ఏదో తెల్లటి దుంప, ఆపిలు ముక్కలు అక్రోట్లతో నూరిన ముద్ద. దుంప చేదుకు గుర్తట. నోట్లో వేసుకుంటే ఆవఘాటులా ముక్కులోంచి మెదడులోకి పోయింది. ఆపిలు ముద్ద ఇటుకలు పేర్చే అడుసుకు గుర్తు. "మన ఉగాది పచ్చడి లాగే ఉందే, చేదూ తీపీ" అంది శ్యామల. పులియని రొట్టె పలచగా, అట్టముక్కలా, కొరికితే పొడిపొడిగా రాలుతోంది. నేను ద్రాక్షసారా ముట్టనని తెలిసి నాకు మాత్రం ద్రాక్షరసం పోశారు.

సామ్యూల్ గారు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. స్వేచ్ఛ ఉన్నవాళ్ళు అలా చేరగిలి తింటారట. బానిసలు నిలబడి తింటారు. మొదలుపెట్టే ముందు ఆయన నన్ను, మీ భాషలో మా పేర్లెలా పలుకుతారని అడిగాడు. "మోషే, అహరోను, మిర్యాము, ఏలీయా" అన్నాను. "మోషే!" అని ఆయన బల్ల చరిచాడు. "విన్నావా రూత్? ఇక్కడివాళ్ళంతా మోజెస్ అంటారు. ఈమె మా అమ్మ అన్నట్టే అంటోంది."

ఆ సంతోషంలో నేను ఒళ్ళు మరిచి, మా దగ్గర దేవుడి పేరు ఇలా పలుకుతామంటూ "యెహోవా" అనేశాను. ముసలాయన చేయి గాలిలో ఆగిపోయింది. రూత్ నెమ్మదిగా చెప్పింది. "మేం ఆ పేరు పైకి అనం. ప్రార్థనలో కూడా 'నా ప్రభువు' అంటాం. మామూలు మాటల్లో అయితే 'ఆ నామం' అని ఊరుకుంటాం." మా అమ్మ చనిపోయేదాకా మా నాయన పేరు పలకలేదు, "మీ నాయన" అనే అనేది. అంత దగ్గరివాడు కనకనే పేరెత్తరేమో. నేను మాత్రం ఆ పేరును ప్రతి ఉదయం బళ్ళో మైకులో పలుకుతున్నాను.

ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల లేచి, ఈ రాత్రి మిగతా రాత్రుల్లాంటిది ఎందుకు కాదని అడగాలి. మిరియం పాట పాడినట్టు అడిగింది. తాత జవాబు మొదలుపెట్టాడు. మొదటి మాటే, "మేం ఐగుప్తులో ఫరో రాజుకు బానిసలం."

"మేం" అన్నాడు, "మా పూర్వీకులు" అనలేదు. ప్రతి తరంవాడూ తానే ఐగుప్తులోంచి నడిచి వచ్చినట్టు చెప్పుకోవాలట. అదే ఈ పండగలో అసలు విధి.

ఆయన మాటల్లో సగం ప్రార్థన, సగం కథ. "అందరికీ మొదటి తాత ఒక రాజో, సూర్యుడో, ఋషో ఉంటాడు. మా మొదటి తాత అబ్రాహాము ఇల్లూ వాకిలీ వదిలి తిరిగిన మనిషి. వాళ్ళ నాన్న బొమ్మలకు మొక్కినవాడు. ఆ తరువాత మేం ఇటుకలు మోసినవాళ్ళం. దాచుకోం. పిల్లలకు అన్నం పెట్టేముందు అదే చెబుతాం. ఎందుకో తెలుసా? రూపం లేని ఆ ఒక్కడు రాజుల మాట వినలేదు, ఇటుకలు మోసేవాళ్ళ మూలుగు విన్నాడు. మమ్మల్ని బయటికి తెచ్చాకే కొండమీద ధర్మశాస్త్రం ఇచ్చాడు. అందులో ఏడో రోజు సెలవు యజమానికే కాదు, పనిమనిషికీ ఎద్దుకీ కూడా. పరాయివాణ్ణి బాధపెట్టకు, నువ్వూ ఒకప్పుడు పరాయివాడివే అని మళ్ళీమళ్ళీ చెప్పాడు. బానిసలమని మర్చిపోయిన రోజున మాకు ఆ ధర్మశాస్త్రమే అర్థం కాదు."

దేవుడు ఐగుప్తు మీదికి పంపిన తెగుళ్ళు చదువుతుంటే అందరూ వేలితో ఒక్కో చుక్క ద్రాక్షసారా గిన్నెలోంచి తీసి పళ్ళెంలో రాల్చారు. శత్రువు ఏడ్చినచోట మన గిన్నె నిండుగా ఉండకూడదట.

స్వాతికి అన్నీ కొత్త. నా పక్కనే కూర్చుని నా చీర కొంగుతో ఆడుకుంటోంది. ఉన్నట్టుండి తల ఎత్తి, అమెరికా యాసలో అడిగింది. "ఆంటీ, మీ పీపుల్ కూడా స్లేవ్సా?"

శ్యామల నవ్వి, "ఛ, అలా అడక్కూడదమ్మా" అని నావైపు చూసింది. జవాబు కోసమే చూసింది.

ఆ బల్ల దగ్గర, ఆ మాట చెప్పుకోవడానికే కూర్చున్న మనుషుల మధ్య, నేనన్నాను. "లేదమ్మా. మావాళ్ళు భూములున్నవాళ్ళు. మా తాత పెద్ద రైతు."

తడుముకోలేదు కూడా. శ్యామల "అనుకున్నాను పిన్నిగారూ!" అంది. అరగంట కిందటి మేడమ్‌ని, పిన్నినయ్యాను. రూత్ అడిగితే నా మాటను ఇంగ్లీషులో చెప్పింది కూడా.

మా నాయనమ్మ ఊళ్ళో దొరగారి గొడ్లసావిడి ఊడ్చేది. దాహమైతే దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. చదువు రాదు. చర్చిలో పాస్టరుగారు, గడ్డి ఇవ్వకుండానే ఇటుకలు అన్నీ చేయమన్న ఫరో కథ చదివితే, "మన దొరే" అని పక్కామె చెవిలో అనేదట. ఫరో ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె కూర్చోవలసిన బల్ల దగ్గర నేను కూర్చుని, ఆమెను లేకుండా చేశాను.

తెర వెనక గ్రంథం

మర్నాడు రూత్ నన్ను వాళ్ళ ప్రార్థనా మందిరానికి తీసుకెళ్ళింది. ఎక్కడా బొమ్మ లేదు, పటం లేదు. ముందుగోడకు ఒక బీరువా, దానికి ముఖమల్ తెర. తెర తీస్తే అందరూ లేచి నిలబడ్డారు. లోపల చేత్తో రాసిన తోలు చుట్టలు, వాటికి పట్టు చొక్కాలు, వెండి కిరీటాలు. ఒకదాన్ని పసిబిడ్డలా భుజాన వేసుకుని మందిరమంతా తిప్పారు. జనం తమ శాలువా కొసతో దాన్ని తాకి, ఆ కొసను ముద్దు పెట్టుకున్నారు. మా ఊళ్ళో ఉత్సవ విగ్రహం ఊరేగుతుంది. మా పేట మలుపు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ ఊరేగేది ధర్మశాస్త్రం. చివరి వరసలో ఉన్న నా దాకా కూడా వచ్చింది.

తోలు! మా తాత ముట్టుకున్నందుకు ఊరికి దూరమైన వస్తువు ఇక్కడ కిరీటం పెట్టుకుని ఉంది. ఆ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి నాకు దారి లేదు. నా తాత ఇప్పుడు పెద్ద రైతు కదా.

ఒక ప్రార్థన దగ్గర అందరూ కుడిచేత్తో కళ్ళు మూసుకున్నారు. దేవుడు ఒక్కడే, వినండి అని దాని సారాంశం అంది రూత్. పొద్దున లేవగానే, పడుకోబోయే ముందు, చనిపోయేటప్పుడు కూడా పలకవలసిన మాటలట. అందరి కళ్ళూ మూసి ఉన్న ఆ కాసేపు నాకు హాయిగా ఉంది. నన్నెవరూ చూడటం లేదు.

బయటికి వచ్చాక రూత్ తన స్నేహితురాళ్ళకు నన్ను పరిచయం చేసింది. "ఈమె తాతగారు ఇండియాలో పెద్ద భూస్వామి. విశ్వాసం కోసం అన్నీ వదులుకున్నాడు." వదులుకున్నాడని నేను అనలేదు. శ్యామల కొంత, రూత్ కొంత చేర్చుకున్నారు. నిజం గడప దాటేలోపు అబద్ధం ఊరు చుట్టి వస్తుందని మా నాయనమ్మ అనేది. ఆ స్త్రీలు నా చేయి గౌరవంగా పట్టుకున్నారు. నేను నవ్వాను.

శ్యామల ఇంట్లో భోజనం

బుధవారం శ్యామల కారులో వచ్చి పిస్కాటవేలోని తన ఇంటికి తీసుకెళ్ళింది. ఈస్టరు సెలవులు కాబట్టి స్వాతి కూడా ఇంట్లోనే ఉంది. మంచి మనిషి శ్యామల. పొద్దున్నుంచీ వండింది. ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, పులుసు, గోంగూర పచ్చడి. "గోంగూర ఇక్కడ దొరకదు పిన్నిగారూ. మా అత్తగారు ఎండబెట్టి పంపిస్తే దాచుకున్నా. బియ్యం, పప్పులు న్యూయార్క్ దాకా డ్రైవ్ చేసి తెచ్చుకుంటాం. అక్కడ కేజీ కందిపప్పు రేటు చెప్తే మీరు తినడం మానేస్తారు!" అంది. నిజంగానే చెప్పింది. నిజంగానే ముద్ద ఆగింది.

"మీరు బొట్టు పెట్టుకోరు కదా" అని, పళ్ళు, రవికల గుడ్డ భోజనానికి ముందే చేతిలో పెట్టింది. ఇల్లంతా అప్పుడే చూపించింది. కింద బేస్‌మెంట్‌లో ఒక గది ఖాళీగా ఉంది. అన్నం వడ్డిస్తూ ఆ గది మాట ఎత్తింది.

"దాన్ని రెంట్‌కి ఇచ్చేవాళ్ళమండీ. పోయినేడు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే తెలుగమ్మాయి ఉండేది. నెమ్మదస్తురాలు. స్వాతికి లెక్కలు చెప్పేది. వంటింట్లోకి వచ్చి నాతో సమానంగా వండేది. ఓ రోజు స్కాలర్‌షిప్ మాటల్లో బయటపడింది, వాళ్ళు ఫలానా అని." గొంతు తగ్గించింది. "మావారు అవన్నీ పట్టించుకోరు. నాకే ఏదోలా అయింది. దేవుడి గది కూడా కిందే కదా. వేరే చోట చూసుకోమన్నాను. కులం గురించి కాదు పిన్నిగారూ, దాచింది చూశారా, అదీ నా కోపం. ముందే చెప్పొచ్చు కదా?"

నా చేతిలో గోంగూర కలిపిన ముద్ద. ఆ అమ్మాయి పేరేమిటని అడగాలి. ఎక్కడికి వెళ్ళిందని అడగాలి. "అమ్మా, నేనూ ఫలానానే" అనాలి. బళ్ళో మూడు వందల మంది పిల్లల ముందు నిలబడి, తలెత్తి నడవండని చెప్పేదాన్ని. తలొంచుకుని ముద్ద మింగాను.

"అదేమిటి, సరిగా తినడంలేదు. మారు వడ్డించనా?" అంది.

వడ్డించుకున్నాను.

సామ్యూల్ గారి మాట

గురువారం మధ్యాహ్నం బస్సులో నేను పెన్సిల్వేనియా వెళ్ళాలి. అక్కడ గుడ్‌ఫ్రైడే ఆరాధనలో మాట్లాడాలి. శ్యామలే బస్‌స్టాండుకు దింపుతానంది. పొద్దున వంటింట్లో సామ్యూల్ గారు పులియని రొట్టె కాఫీలో ముంచుకుని తింటున్నాడు. రూత్ గిన్నెలు తుడుస్తోంది. ఇక ఆపుకోలేక, కూర్చోకుండానే చెప్పేశాను. మా తాత పని, నాయనమ్మ దోసిలి, స్వాతి ప్రశ్న, నా జవాబు, బేస్‌మెంట్ అమ్మాయి, నా మౌనం, అంతా.

ముసలాయన కాఫీ కప్పు పక్కకు జరిపాడు. నేను ఏడుస్తూ, "దేవుడు నన్ను క్షమిస్తాడా?" అన్నాను.

"అది ఆయన్నడుగు. కానీ ఏమంటాడో నాకు తెలుసు. ఏడాదికొకసారి మేం రోజంతా ఉపవాసముండి క్షమాపణ అడుగుతాం. దేవుడికి చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు. మనిషికి చేసింది క్షమించడం ఆయన చేతిలో పెట్టుకోలేదు. ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి" అన్నాడు.

"ఆమె చనిపోయింది. మా నాయనమ్మ."

"దానికీ దారుంది. పదిమందిని వెంటబెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళి, వాళ్ళందరూ వింటుండగా చెప్పాలి."

మా నాయనమ్మ సమాధికి రాయి లేదు. వాగు ఒడ్డున ఎక్కడో ఒక మట్టిదిబ్బ, అదీ వరదలకు చదునైపోయింది. బహుశా అందుకే నేనిది అచ్చులో చెబుతున్నాను.

రూత్ గుడ్డ పక్కన పెట్టింది. ఆమె ముఖం ఎర్రబడింది. "నేను మందిరంలో నలుగురికీ చెప్పాను. మీరు పక్కనే నిలబడి నవ్వారు" అంది.

"నన్ను క్షమించండి రూత్."

వెంటనే సరేననలేదు. తుడిచిన గిన్నెలు అరలో సర్ది, "సరే, నావరకు క్షమించాను. వాళ్ళకు నేనే చెబుతాను. కానీ స్వాతి నా క్లాసులో పిల్ల. ఆ రాత్రి మేం ఏం చెబుతున్నామో అర్థం చేసుకుని అడిగింది. ఆ పిల్లకు ఎవరు చెబుతారు?" అంది.

మా ఆరాధనలో మోకరించి కళ్ళు మూసుకుంటే చాలు, మనసు తేలికపడేది. ఇంత కష్టమైన క్షమాపణ నాకు అలవాటు లేదు.

బస్‌స్టాండు దారిలో

శ్యామల వచ్చింది. వెనక సీట్లో స్వాతి. నేను ముందు కూర్చున్నాను. "పిన్నిగారూ, దారిలో తినడానికి పులిహోర పెట్టానండీ, సీటు దగ్గరుంది చూడండి. పెన్సిల్వేనియాలో మీకు ఆ బ్రెడ్డే గతి" అంది.

రెండు వీధులు దాటాక వెనక్కి తిరిగాను. "స్వాతీ, ఆ రోజు నువ్వొకటి అడిగావు. నేను అబద్ధం చెప్పాను. మావాళ్ళకు భూములు లేవు. మావాళ్ళు ఊరి చివర ఉండేవాళ్ళు. వేరేవాళ్ళ పొలాల్లో, సావిళ్ళలో పని చేసేవాళ్ళు. చచ్చిన గొడ్లు మోసేవాళ్ళు. బానిసలే అనుకో."

స్వాతి ముందుకు వంగింది. "ఓకే ఆంటీ. మరి మిమ్మల్ని ఎవరు ఫ్రీ చేశారు?"

"చదువుకున్నాం. కొంతవరకు బయటికి వచ్చాం. అందరూ ఇంకా రాలేదమ్మా."

శ్యామల చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. ఎర్రలైటు దగ్గర ఆగింది. పచ్చలైటు వచ్చినా కదల్లేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"నిన్న నువ్వు చెప్పిన అమ్మాయి వాళ్ళూ మావాళ్ళే అయ్యుండొచ్చు శ్యామలా. నిన్ననే చెప్పాల్సింది."

శ్యామల కారు ముందుకు పోనిచ్చింది. తరువాత ఏడుపు గొంతుతో విసురుగా అంది. "ముందే చెప్పొచ్చు కదండీ. నన్నెందుకు అన్ని మాటలు అననిచ్చారు? కూర్చోబెట్టి అన్నీ విన్నారు. ఇప్పుడు నా కూతురి ముందు..." ఆగిపోయింది.

అంతవరకు నాకు ఆ సంగతి తట్టలేదు. ఆమె అన్న మాటలు ఆమెవే. కానీ ఆ మాటలు అనడానికి చోటు చేసి పెట్టింది నేను. నిజం చెప్పి తేలికపడదామని వచ్చిన దాన్ని ఇంకో తప్పు కూడా మోసుకుని దిగాను.

"ఆ అమ్మాయి పేరేమిటి?" అని అడిగాను.

చెప్పింది. ఎక్కడుంటోందో తెలియదంది. ఫోన్ నంబరు ఉందేమో చూస్తానంది. 

బస్‌స్టాండులో పెట్టె దింపి పెట్టింది. స్వాతి చేయి ఊపింది. నేను పులిహోర డబ్బా కారులోనే వదిలేయబోతే, శ్యామల తీసి నా చేతిలో పెట్టింది. మెరుస్తున్న స్టీలు డబ్బా.

"డబ్బా తిరిగివ్వక్కర్లేదు మేడమ్. ఉంచేసుకోండి" అంది. కళ్ళు నావైపు లేవు. కారెక్కి వెళ్ళిపోయింది.

బస్సులో

మనవైపు ఇంకొకరి డబ్బా ఎవరూ ఉంచేసుకోరు. ఖాళీగా కూడా తిరిగివ్వరు, అడుగున చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. మరి శ్యామల ఆ మాట ఎందుకంది? దారిన పోయే మనిషి ఎలా తిరిగిస్తుందిలే అనా? లేక నా చేయి తగిలిన గిన్నె మళ్ళీ తన వంటింట్లోకి రాకూడదనా? మా నాయనమ్మకు నీళ్ళు దోసిట్లోనే గానీ, గంజి తాగడానికి దొరగారి సావిడి గోడమీద విడిగా ఒక సత్తు గ్లాసు ఉండేది. ఆ సంగతి ఎంత తోసేసినా మనసులోంచి పోలేదు.

మొదటి రోజే నిజం చెప్పి ఉంటే ఆమె గొంతులో ఏముందో నాకు తెలిసిపోయేది. అబద్ధంతో మొదలుపెట్టినదాన్ని, నీ మాటకు అర్థమేమిటమ్మా అని అడిగే ముఖం నాకు లేదు. ఉత్తరం రాద్దామని ఇంటికొచ్చాక చాలాసార్లు కూర్చున్నాను. ఆ ప్రశ్న దగ్గరకు రాగానే కలం ఆగిపోతుంది. బేస్‌మెంట్ అమ్మాయి ఫోన్ నంబరూ రాలేదు.

పెన్సిల్వేనియా కొండలు కనబడే వేళకు ఆకలేసింది. మూత తీశాను. ఇంగువ వాసన బస్సంతా పాకింది. సిగ్గుతో మూత పెట్టేయబోయాను. పక్క సీట్లో ఊలు అల్లుకుంటున్న లావుపాటి ముసలావిడ ఒకరు తల తిప్పింది.

"అబ్బ, ఏమిటది? ఎవరు వండారు?"

"మా ఊరివైపు అమ్మాయి" అన్నాను.

"మీ చుట్టమా?"

 ఈసారి ఆలోచించుకున్నాను.

"కాదు" అన్నాను.

మూతలో కాస్త పెట్టి అందించాను. ఆవిడ ఊలు ఒళ్ళోకి జార్చి, చెంచా అడక్కుండా వేళ్ళతోనే తినేసింది. వేళ్ళు నాకి, మరి కాస్త పెట్టమని మూత ముందుకు చాచింది.